నిగర్వి రత్న

ఒక పెద్ద అడవిలో బిరుదు లేని జంతువంటూ మిగలకుండా చూసుకునే సభ ఒకటుండేది. కుందేలుకు ‘ధీర’, తాబేలుకు ‘శీఘ్ర’ ఇచ్చేశాక ఇంకేమివ్వాలో తోచక, ఆ ఏడు ‘నిగర్వి రత్న’ అని కొత్త బిరుదు పెట్టారు. అడవి మొత్తంలో గర్వం లేని ఒకే ఒక్క జంతువుకి!

ఎలుగుబంటి భల్లూకరావు చెవిన ఈ మాట పడింది. ఆయన పన్నెండేళ్ళు ఆ సభకే అధ్యక్షుడు. పదవి దిగి రెండేళ్ళు. గుహలో నలభై ఒక్క బిరుదులున్నాయి, ఆయనకి మాత్రం ఏమీ తోచడం లేదు.

“గర్వం లేకపోవడంలో నన్ను మించినవాడు ఈ అడవిలో ఉన్నాడా?” అని గర్జించి, దరఖాస్తుకి బయల్దేరాడు.

గుమాస్తా నక్క దరఖాస్తుగా ఒక టేకాకు చేతికిచ్చింది. “చిన్న షరతండీ. మీ పదవీ బిరుదులూ తెలియకుండానే మీరంటే ఇష్టపడే ప్రాణి ఒకటి దీనిమీద కాలిముద్ర వెయ్యాలి. పౌర్ణమి ఆఖరు.”

“ఒకటేమిటి, వంద తెస్తాను!”

జింక ఆయన్ని చూడగానే “అధ్యక్షులవారూ!” అంటూ లేచి నిలబడింది. పనికిరాదు. కోతి తన తమ్ముడి ఉద్యోగం సంగతి ఎత్తింది. అడవిపంది అయితే, “దిగిపోయినా వదలడేం!” అని గొణుక్కుంటూ పొదలో దూరింది.

పదవికి ముందు తనకెవరు తెలుసో గుర్తుచేసుకుందామని కూర్చున్నాడు. ఒక్క పేరూ రాలేదు. ఆ పూట తేనె సహించలేదు.

మర్నాడు సాయంత్రం కొండ వెనక ముళ్ళపంది సూదమ్మ కనబడింది. వానకి బొరియ కూలి, బయట కూర్చుని ఉంది. పగలంతా నిద్రపోయే ప్రాణి. సభలేమో పగలే జరుగుతాయి. అందుకే ఆమెకి భల్లూకరావెవరో తెలీదు.

“నేను పన్నెండేళ్ళపాటు...” అని మొదలుపెట్టబోయి నాలిక కరుచుకున్నాడు.

“ఆ చెప్పేదేదో తవ్వుతూ చెప్పు అన్నయ్యా. గోళ్ళు బాగా ఉన్నాయి నీకు,” అంది సూదమ్మ.

ఆయన గోళ్ళని ఎవరైనా మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో! బొరియ తవ్వాడు. దుంపలు పెడితే తిన్నాడు. చిన్నప్పుడు చీమలపుట్టలో మూతి ఇరుక్కున్న సంగతి చెబితే ఆమె ముళ్ళన్నీ గలగలలాడేలా నవ్వింది. ఆ తర్వాత రోజూ వెళ్ళాడు. టేకాకు మాత్రం ఎత్తలేదు.

పౌర్ణమినాడు సూదమ్మ దుంపలు ఉడకబెట్టి దించుతుంటే, ఇక తప్పక ఆకు తీసి సంగతంతా చెప్పాడు.

సూదమ్మ ఆకు వంక చూసింది. “దీనికోసమా వచ్చావు?”

“మొదట దీనికోసమే.”

“ముద్ర వేస్తాను. వేశాక రేపూ వస్తావా?”

‘వస్తాను’ అనబోయాడు. సన్మానాలు, ఊరేగింపులు, ప్రసంగాలు కళ్ళముందు తిరిగాయి. “ఏమో సూదమ్మా. రాననే అనుకుంటున్నాను,” అన్నాడు తల దించుకుని.

ఆమె ముద్ర వెయ్యడానికి కాలు ఎత్తింది. భల్లూకరావు గబుక్కున ఆకు లాక్కుని, నేలమీద పరిచి, ఉడికిన దుంపలు దానిమీద కుమ్మరించాడు.

“తిను, చల్లారిపోతాయి,” అన్నాడు.

బిరుదు నెమలికొచ్చింది. దాని దరఖాస్తు మీద ఉన్న కాలిముద్ర కూడా దానిదేనట.

నీతి: ఏ ప్రాణికైనా ఒక్క మంచి స్నేహం కుదిరిందా, బిరుదుల విషయంలో ఆ ప్రాణి ఇక బాగుపడదు.