వరహాలరావు పరామర్శలు

ఒక పెద్ద అడవిలో దగ్గూ, ఎన్నికలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. రెండింట్లో ఏది ఎక్కువ ప్రమాదమో అప్పటికి ఎవరికీ తెలీదు.

ఆ అడవికి ప్రెసిడెంటు అడవిపంది వరహాలరావు. మంచివాడే పాపం, పని చెయ్యడమొక్కటే చేతకాదు. ఎండాకాలంలో నీటిగుంట తవ్విస్తానన్నాడు. వానలొచ్చి పాత గుంట దానంతటదే నిండితే, "చూశారా, నింపించాను" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. జనం సంగతి తెలిసిందేగా!

ఈసారి మాత్రం వాగు అవతల పేట నుంచి ఏదుపంది పైడమ్మ పోటీకి దిగింది. వరహాలరావుకి నిద్ర పట్టడం మానేసింది. ఆ కుర్చీ దిగితే తను వట్టి పందినన్న సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆ బెంగలో ఉండగానే దగ్గు పట్టుకుంది. జ్వరం, ఒళ్ళునొప్పులు, ముక్కు దిబ్బడ. కొండముచ్చు డాక్టరు అప్పలాచారి గుహ బయటే నిలబడి చూశాడు.

"జ్వరం దిగుతోంది. అంతమాత్రాన రోగం పోయినట్టు కాదు ప్రెసిడెంటుగారూ. దగ్గు పూర్తిగా తగ్గేదాకా పడుకోండి, గంజీ నీళ్ళూ బాగా తాగండి. ఎవర్నీ దగ్గరకి రానివ్వకండి. ఇది ఊపిరితో అంటుకునే జబ్బు."

చెప్పడానికేం, ఎన్నైనా చెబుతాడు. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పెళ్ళికి రాకపోతే క్షమిస్తారు. చావుకి రాకపోయినా ఏదో పనుండి ఉంటుందిలే అనుకుంటారు. జ్వరమొస్తే పలకరించడానికి రాకపోతే మాత్రం ఏడు తరాలు చెప్పుకుంటారు. అందుకని అడవి అడవంతా వచ్చి వరహాలరావు మంచం మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, దగ్గు తగిలించుకుని వెళ్ళింది.

ముంగిస మంగపతి ఇదంతా మూల నుంచి చూశాడు. ఎన్నికల సలహాలివ్వడం అతని వృత్తి.

"అయ్యా, మీకు జ్వరమొస్తే జనం ఏడ్చారు. ఇప్పుడు జనానికి జ్వరం. మీరు గడపగడపకీ వెళ్ళి పక్కన కూర్చున్నారంటే ఓటు ఎక్కడికి పోతుందండీ?"

"నాకింకా దగ్గు తగ్గలేదయ్యా."

"అదే కదండీ మన బలం! తన ఒంట్లో బాగోకపోయినా మనకోసం వచ్చాడు మహానుభావుడు అంటారు."

వరహాలరావు చటుక్కున లేచి కూర్చున్నాడు. జబ్బు పడ్డాక ఆయనకంత ఓపిక రావడం అదే మొదలు.

డాక్టరు పరుగున వచ్చాడు. "ఎవరూ ఇళ్ళు కదలొద్దని నిన్ననే మీరు చాటింపు వేయించారు కదండీ!"

"ఆ చాటింపు జనానికి. నేను నాయకుణ్ణి."

"పోనీ, మూతికి ఈ మోదుగాకైనా కట్టుకోండి మహాప్రభో!"

ఆకు కట్టుకున్నాడు. ప్రతి ఇంటి ముందూ విప్పేశాడు. మొహం కనపడకపోతే ఎవరొచ్చారో జనానికెలా తెలుస్తుంది మరి?

దుప్పి గౌరమ్మ ఇంట్లో గౌరమ్మకే జ్వరం, పిల్ల గంతులేస్తూ తిరుగుతోంది. వరహాలరావు పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుగ్గ నిమిరి, దాని మొహం మీదే ఖళ్ళుఖళ్ళున దగ్గాడు.

"అయ్యో, మీకే బాగాలేదు, మాకోసం వచ్చారా బాబూ!" అని గౌరమ్మ బొటబొటా కన్నీళ్ళు కార్చింది. "నా ఓటు మీదే. ఒట్టు!"

వాగు దగ్గరకి వచ్చేసరికి మంగపతి ఆగాడు. "ఏదుపందుల పేట కూడా చూద్దామాండీ?"

"వాళ్ళని కావలించుకుంటే నా ఒళ్ళు జల్లెడైపోదూ? పద పద. పలకరించే దిక్కులేక వాళ్ళే దగ్గిదగ్గి మూలపడతారు."

ఆ మాటతో ఆయనకి ఇంకో ఉపాయం తట్టింది. మర్నాడే ఉత్తర్వు జారీ చేశాడు: దగ్గేవాళ్ళెవరూ ఓటు మైదానంలో అడుగు పెట్టరాదు. పైడమ్మ ఓట్లన్నీ గేటు బయటే ఆగిపోతాయని ఆయన లెక్క. అప్పలాచారి మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశారండీ!"

వాగు అవతల కూడా జ్వరాలొచ్చాయి. కాకపోతే ఏదుపందులు పుట్టుకతోనే ఎడం పాటించే జాతి, ముళ్ళు గుచ్చుకుంటాయని. పైడమ్మ గంజికుండ గుమ్మంలో పెట్టి, "కోడలా, నేను అవతలకి పోయాక తీసుకో. దగ్గు తగ్గేదాకా బయటికి రాకు" అని కేకేసేది. జబ్బుపడ్డ ఇద్దరు ముగ్గురు పడుకుని, గంజి తాగి, నెమ్మదిగా లేచారు. మిగతావాళ్ళకి అంటలేదు. ప్రెసిడెంటు తమ గడప తొక్కలేదని మాత్రం పేటంతా కుళ్ళికుళ్ళి ఏడ్చింది. పైడమ్మకీ మనసు చివుక్కుమంది.

ఎన్నికల రోజు వచ్చింది. మైదానంలో బండకి కుడివైపు నిలబడితే వరహాలరావు ఓటు, ఎడమవైపైతే పైడమ్మ ఓటు. ఎడమవైపు ముళ్ళడవి మొలిచినట్టు ఏదుపందులు కిటకిటలాడుతున్నాయి. కుడివైపు గడ్డి తప్ప ఇంకేం లేదు.

వరహాలరావు గౌరమ్మ ఇంటికి పరిగెత్తాడు. "ఓటేస్తానని ఒట్టు పెట్టావు కదమ్మా!"

"వేద్దామనే ఉంది బాబూ. మీరొచ్చి వెళ్ళాక ఇద్దరం లేవలేకపోతున్నాం" అంది గౌరమ్మ దగ్గుతూ. పక్కన పిల్ల ఆయాసంతో ఎగశ్వాస తీస్తోంది.

ఆ పిల్లని చూసేసరికి వరహాలరావుకి తప్పు చేశాననిపించింది. నిజంగానే అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి? అంతలోనే ఓటు గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తాడు. దారిలో మంగపతిని పిలిస్తే పొద చాటునుంచి దగ్గు వినపడింది.

విశ్రాంతి లేకుండా తిరిగిన ఒళ్ళు కదా, గేటు దగ్గరకి చేరేసరికి ఆయనకీ దగ్గు తెరలు తెరలుగా ముంచుకొచ్చింది. కాపలా ఏనుగు భీమన్న తొండం అడ్డం పెట్టాడు.

"దగ్గేవాళ్ళు రాకూడదండీ. తమరి ఉత్తర్వే."

పైడమ్మ గెలిచిందన్న కేకలు ఆయన గేటు బయటే నిలబడి విన్నాడు. ఇంటికెళ్ళి ముసుగు తన్ని ఏడ్చాడు.

పైడమ్మ ముందుగా చేసిన పని డాక్టర్ని గౌరమ్మ ఇంటికి పంపడం. దుప్పిపిల్ల గండం గడిచి గట్టెక్కింది. ఇంటింటి గుమ్మంలోకీ గంజి వెళ్ళింది. దగ్గు తగ్గినవాళ్ళే బయటికి వచ్చారు. కొన్నాళ్ళకి అడవి కుదుటపడింది. వరహాలరావు ఇంటికి పైడమ్మే స్వయంగా వచ్చి, దూరంగా నిలబడి పలకరించింది.

"ఎలా ఉన్నావన్నా? లోపలే ఉండు, గంజి గుమ్మంలో పెట్టాను!"

ఆ మాట సాయంత్రానికల్లా అడవంతా పాకింది.

"చూశావుటే వదినా," అంది గౌరమ్మ, కోలుకున్న పిల్లని నాకుతూ, "రోగంలో ఉన్న మనిషిని చూడ్డానికెళ్ళి గడప అవతల నిలబడుతుందా? ఎంత పొగరు! అదే వరహాలరావుగారైతే మంచం మీద కూర్చుని మరీ దగ్గారు. వచ్చేసారి నా ఓటు ఆయనకే."

నీతి: ప్రాణం నిలబెట్టినవాళ్ళని మర్చిపోయినా ఫరవాలేదు గానీ, పలకరించడానికి వచ్చి రోగం అంటించినవాణ్ణి మర్చిపోవడం మర్యాద కాదు.