మూడు వేళ్ల నియమం

మనిషికి నోరున్నది తినడానికి, మాట్లాడడానికి అని ఇన్నాళ్లూ పొరబడ్డాం. నోటి క్యాన్సర్ నివారణ విభాగం వారి ప్రకారం నోరు అనగా టార్చిలైటు, చిన్న అద్దం ఒకేసారి ప్రవేశించదగిన ద్వారం. దాని ఎత్తు మూడు వేళ్లు. (ఎవరి వేళ్లు వారే తెచ్చుకోవాలి.)

మా వీధి చివర హాల్లో ఉచిత పరీక్షా శిబిరం పెడితే మా మరిదిని లాక్కెళ్లాను. లారీ నడుపుతాడు. నిద్ర రాకుండా వక్క, పొగాకు కలిపిన పొట్లం ఏళ్లుగా బుగ్గన పెడుతున్నాడు. ఈమధ్య ఆ బుగ్గ లోపల తెల్లబడింది. కారం తగిలితే కళ్లలో నీళ్లు. "నీ చెయ్యి జారింది వదినా" అని నేరం నా కూర మీదికి తోస్తాడు.

గుమ్మం దగ్గర పెద్ద బోర్డు: "మూడు వేళ్లు పట్టేంతగా నోరు తెరుచుకోవడం లేదా? ఆలస్యం వద్దు, నేడే పరీక్ష చేయించుకోండి!"

లోపల, డాక్టరుగారి తెరకు ఇవతల, ద్వార పరిశీలనాధికారి కూర్చున్నారు.

"పెద్దగా తెరవండి."

"ఇదే పెద్దదండి."

"వేళ్లు పెట్టి చూపించండి."

ఒకటి వెళ్లింది. రెండోది సగంలో ఆగిపోయింది.

"వేలున్నర. కుదరదమ్మా, టార్చి పట్టదు. మూడు వేళ్లు తెరుచుకున్నవాళ్లనే లోపలికి పంపాలి."

"మరి బయట బోర్డు మీద..."

"అది ప్రచారం వాళ్లది. మాది పరీక్ష. ముందు నోరు తెరుచుకోనివ్వండి, అప్పుడు తీసుకురండి."

"చూశావా, నాకేం లేదని పంపించేశారు" అన్నాడు మరిది, మెట్లు దిగుతూనే జేబు తడుముకుంటూ. పొట్లం లాక్కున్నాను.

శిబిరం ఘనవిజయం సాధించింది. చక్కగా నోరు తెరిచినవారిలో ఒక్కరికీ జబ్బు కనబడలేదు. సాయంత్రం ఆ ఆనందంలో వీధంతా మిఠాయిలు పంచారు. అధికారిగారే స్వయంగా మా మరిది నోటికి ఒకటి అందించారు. పట్టలేదు. చిదిమి, చిన్న ముక్క చేసి పెట్టారు. (మిఠాయి విషయంలో నియమం సడలించవచ్చు.)

అప్పుడు ఆయన ముఖంలో నిజమైన కంగారు చూశాను.

"ఇదేంటమ్మా, దవడ ఇలా బిగుసుకుపోయింది? ఇంత అశ్రద్ధా! పొద్దున్నంతా ఇక్కడే శిబిరం పెట్టుకుని కూర్చున్నాం, ఒక్కసారి తీసుకురాకూడదూ?"

జవాబు చెప్పడానికి మా మరిది నోరు తెరిచాడు.

వేలున్నర.