బ్రాకెట్లో పడ్డ ఉత్తరాలు

ఆ ఉదయం గ్రంథాలయ గుమాస్తా ఒక శుభకార్యం తలపెట్టాడు. పుస్తకప్రియుల బృందం నుంచి రోజుకు నూటయాభై మెయిళ్లు వచ్చి పడుతున్నాయి. అట్టలకు చెదలు పట్టిందని ఒకరు రాస్తే, మా ఇంట్లోనూ పట్టిందని నలభై మంది రాస్తారు. ఇవాళ్టితో వాటికి మంగళం పాడాలి.

అందుకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనే మంత్రం బావమరిది ఉపదేశించాడు. ఒక నమూనా రాసిపెడితే, దానికి సరిపోయిన ఉత్తరాలన్నిటినీ కంప్యూటరే చెత్తబుట్టలో వేస్తుంది. బృందం ఉత్తరాలన్నిటికీ తలమీద [పుస్తకప్రియులు] అని ఉంటుంది. మనవాడు దాన్ని బ్రాకెట్లతో సహా దించేసి చేతులు దులుపుకున్నాడు.

పదింటికి ఒక్క ఉత్తరం లేదు. పదకొండుకీ లేదు. ప్రాణం ఎంత హాయిగా ఉందో! పఠనశాల అధికారి పదవి గురించి డైరెక్టర్ ఇవాళ రాస్తారని విన్నాడు. తొమ్మిదేళ్లుగా ఆ కుర్చీ మీదే కన్ను. మధ్యమధ్య తొంగిచూశాడు గానీ, అదీ రాలేదు.

పన్నెండుకు భార్య ఫోన్ చేసింది.

"ఏవండీ, తాళంచెవి మీ జేబులో ఉండిపోయింది. లైబ్రరీలో ఫోన్ మోగితే విసుక్కుంటారని మూడు మెయిళ్లు పెట్టాను. గంట నుంచీ గుమ్మం బయటే కూర్చున్నా!"

"నాకేం రాలేదే!"

అంటూనే తన మంత్రం మీద అనుమానం వచ్చింది. వెంటనే బావమరిదికి ఫోన్ కొట్టి సంగతి చెప్పాడు.

"బ్రాకెట్ల ముందు వెనక్కి వాలిన గీత పెట్టావా బావా?"

"గీతేమిటి?"

"కొంప ముంచావు! అది లేకపోతే, లోపలున్న అక్షరాల్లో ఏ ఒక్కటి కనబడ్డా ఉత్తరం చెత్తబుట్టకే. ఒక్క 'ప' ఉన్నా పోయినట్టే."

పఠనశాలకు మొదటి అక్షరమే అది.

చెత్తబుట్ట తెరిస్తే అడుగున డైరెక్టర్ ఉత్తరం: 'పఠనశాల పదవి కావలసినవారు పదకొండులోగా రాయండి.' దానిమీద సహోద్యోగుల జవాబులు గుట్టగా ఉన్నాయి. అందరికీ పంపుతూ ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు.

డైరెక్టర్ గదికి పరుగెత్తాడు. ఏడుపొక్కటే తక్కువ.

"సార్, నేను..."

"మాట్లాడకండి!" డైరెక్టర్ చెయ్యెత్తారు. "పొద్దుట్నుంచీ వీళ్ల గోలతో తల పగిలిపోతోంది. ఇంత రభసలో ఒక్క ముక్క అనని మనిషి మీరొక్కరే. పఠనశాలకి కావలసింది నోరు మెదపని మనిషి. పదవి మీదే."

మనవాడు సంతోషంతో చేతులు జోడించాడు.

"అన్నట్టు, పుస్తకప్రియుల బృందం కూడా ఇక మీ బాధ్యతే. ప్రతి ఉత్తరానికీ అదే రోజు జవాబివ్వాలి."

కొత్త అధికారి రెండు వీధుల అవతలికి వెళ్లి ఇంటి తాళం తీసి, తిరిగొచ్చి చెత్తబుట్ట ముందు కూర్చున్నాడు.