మంత్రిగారు పీకిన మొక్క

మంగళవారం ఉదయం పదిన్నరకు నగర ఉద్యానాల మంత్రి ఒక కలుపు మొక్క పీకారు. నగరపాలక సంస్థ అద్దెకిచ్చే కూరగాయల మడుల మధ్య, కంకర బాట మీద, పద్నాలుగో నంబరు మడి ముందు ఇది జరిగింది. మొక్క వేరుతో సహా వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

అంతకు వారం ముందు మంత్రిగారు విలేకరులను పిలిచి ‘కలుపు లేని బాట, మలుపు లేని ప్రగతి’ అనే పథకాన్ని ప్రకటించారు. “నా హయాంలో గడ్డిపరక కూడా నన్నడక్కుండా మొలవదు” అన్నారు. మేం రాసుకున్నాం. మడులు అద్దెదారుల చేతిలో ఉంటాయి, బాటలు సంస్థవి. కంకర పోసిన తర్వాత సంస్థ మళ్ళీ వాటి వంక చూడలేదు. ఆ సమస్యను మంత్రిగారు ఒక్క మాటతో తేల్చేశారు. ఎవరి మడి ముందు కలుపు కనిపిస్తే వారి మడి రద్దు. పథకానికి ప్రారంభంగా మొదటి మొక్కను తానే స్వహస్తాలతో పీకుతానని కూడా చెప్పారు.

మర్నాటి నుంచే అద్దెదారులు బాటల మీద కూర్చున్నారు. కంకరలో కలుపు తీయడం మట్టిలో తీసినట్టు కాదు. పార దిగదు. పైన పట్టుకుని లాగితే ఆకులు చేతికొస్తాయి, వేరు రాళ్ళ కింద ఉండిపోతుంది. రాళ్ళు పక్కకు నెట్టి, కత్తి మొనతో వేరు కదిపి, మళ్ళీ రాళ్ళు సర్దాలి. కొందరు ఇంటి నుంచి కెటిల్‌తో మరిగిన నీళ్ళు తెచ్చి పోశారు.

పద్నాలుగో నంబరు మడి ఒక రిటైరైన నర్సుది. అందరూ ఆమెను నర్సమ్మ అంటారు. ఆమె ఉండేది మూడో అంతస్తులో, ఒక్క గదిలో. ఆమెకున్న నేల ఈ మడే. అందులో ఒక నిమ్మచెట్టు ఉంది. ఏళ్ళ తరబడి ఆకులు తప్ప ఏమీ ఇవ్వని ఆ చెట్టు ఈ ఏడు మొదటిసారి పిందె వేసింది. చెట్టును పెకలించి మూడో అంతస్తుకు మోసుకుపోవడం కుదరదు. అందుకని ఆమె గోనెసంచి మడిచి మోకాళ్ళ కింద వేసుకుని, ఆసుపత్రి రోజుల నాటి పట్టకారుతో తుంగగడ్డలు లాగుతోంది.

పక్క మడి దర్జీ ఆగి చూశాడు.

“ఏంటి నర్సమ్మక్కా, ఆపరేషనా?”

“ఆపరేషనే. గడ్డ లోపలుండిపోతే మళ్ళీ లేస్తుంది. నువ్వేసే కుట్లనుకున్నావా, ఊడిపోతే ఊడిపోయాయిలే అనుకోడానికి?”

సోమవారం మధ్యాహ్నం శాఖ డిప్యూటీ డైరెక్టర్ ఏర్పాట్లు చూడడానికి వచ్చారు. బాటలన్నీ ఆ చివర నుంచి ఈ చివరికి నడిచారు. నడిచినకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది.

“కలుపేదీ?”

“తీసేశామండీ” అంది నర్సమ్మ.

“ఎవర్నడిగి తీశారు?”

“మీరేగా తీయమన్నారు!”

“తీయమన్నాం. మొత్తం తీసెయ్యమన్నామా? రేపు మంత్రిగారొచ్చి ఏం పీకుతారు?”

“మేమూ ఎప్పట్నించో అదే అనుకుంటున్నాం సార్” అన్నాడు దర్జీ.

డిప్యూటీ డైరెక్టర్ అతని వంక చూసి ఫోన్ తీశారు. కలుపు కోసం ఊరంతా తిరగవలసిన అవసరం రాలేదు. శాఖ కార్యాలయం వెనక కావలసినంత ఉంది. సాయంత్రానికి వ్యానులో ఒక మొక్కను తెచ్చారు, తడిగుడ్డ చుట్టి. నిమ్మచెట్టు వెనకుంటే ఫొటో నిండుగా వస్తుందని పద్నాలుగో నంబరు ముందు చోటు ఎంపిక చేశారు. ఇద్దరు సిబ్బంది కంకర తీసి, మెత్తటి మట్టి పోసి మొక్క నాటారు.

“గట్టిగా నొక్కకండయ్యా, సార్‌కి నడుం నొప్పి” అని డిప్యూటీ డైరెక్టర్ హెచ్చరించారు.

“నా టమాటాలు ఇది చూస్తే కుళ్ళుకుంటాయి” అన్నాడు దర్జీ.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. “బాబూ, ఇది నా మడి ముందుంది. రేపు నా మడి మీదకి రాదు కదా?”

“భలేదానివమ్మా! మేం నాటినదానికి నిన్నెందుకు పడతాం? ఇది నీ చెట్టుకి దక్కిన గౌరవం అనుకో.”

మంత్రిగారు చెప్పిన సమయానికే వచ్చారు. ఆయన బూట్లకు కంకర గుచ్చుకోకుండా బాట పొడవునా తివాచీ పరిచారు. మొక్క ఉన్నచోట తివాచీకి గుండ్రంగా కన్నం చేశారు. మంత్రిగారు చేతి తొడుగులు వేసుకుని, వంగి, మొక్కను రెండు చేతులతో పీకారు. చప్పట్లు మోగాయి. ఒక కెమెరా వాళ్ళకు సరిగా పడలేదంటే మళ్ళీ నాటారు, మళ్ళీ పీకారు. ఆ తర్వాత మంత్రిగారి బావమరిది ఫోనులో పడలేదన్నాడు. చివరిసారి పీకేటప్పటికి దానికి రెండు ఆకులు మిగిలాయి.

“ఇది మామూలు మొక్క కాదు” అని మంత్రిగారు ఆ రెండు ఆకులను పైకెత్తి చూపారు. “గత పాలకుల నిర్లక్ష్యంలో వేళ్ళూనుకున్న మొక్క. దీన్ని కదిలించడానికి నేను రావలసి వచ్చింది.”

ఒక చానెల్ విలేకరి చెయ్యెత్తింది. “సార్, ఇది ఎవరి మడి ముందు దొరికింది? వాళ్ళ మీద చర్య ఉంటుందా?”

మంత్రిగారు ఇది ఆలోచించినట్టు లేదు. కానీ కెమెరాలు తిరుగుతున్నాయి. “ఎవరిదైతే నాకేంటి? మాటంటే మాటే. రద్దు!”

నర్సమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. “అయ్యా, దాన్ని నిన్న సాయంత్రం మీవాళ్ళే నాటారు.”

మంత్రిగారు డిప్యూటీ డైరెక్టర్ వైపు తిరిగారు. “ఏమయ్యా, నిజమేనా?”

“మన శాఖలో మొక్కలు నాటడమా సార్?” అన్నారు డిప్యూటీ డైరెక్టర్.

మంత్రిగారికి అనుమానం తీరిపోయింది. “ఎక్కడైనా కలుపు నాటుకుంటారామ్మా?” అన్నారు. అందరూ నవ్వారు.

“నేను చూశాను సార్, నా కళ్ళారా” అన్నాడు దర్జీ.

“నీ మడి ముందు కూడా ఒకసారి చూద్దామా?” అని డిప్యూటీ డైరెక్టర్ అతన్ని మెల్లగా అడిగారు. దర్జీ తన టమాటాల వైపు చూశాడు. మెల్లగా జనంలోకి వెనక్కి జరిగాడు.

“చెట్టు తొలి కాపులో ఉందయ్యా. కాయ కోసుకునేదాకైనా ఆగండి” అంది నర్సమ్మ.

“చెట్టుకేం భయం లేదమ్మా. ఇకనుంచి దాని సంగతి ప్రభుత్వం చూసుకుంటుంది” అని ఆమె భుజం తట్టి మంత్రిగారు కారెక్కారు. ఆ భుజం తట్టిన ఫొటో బుధవారం మా పత్రిక మొదటి పేజీలో వచ్చింది. అదే రోజు మడి రద్దయింది.

గురువారం శాఖకు ఒక చిక్కు వచ్చిపడింది. మంత్రిగారు నగరంలోని మిగతా తోటలన్నిటిలోనూ మొదటి మొక్క పీకవలసి ఉంది. పద్నాలుగో నంబరుకు పట్టిన గతి టీవీలో చూసిన అద్దెదారులు ఎక్కడికక్కడ బాటలు ఊడ్చి పెట్టుకున్నారు. పరకైనా దొరకడం లేదు. ప్రతిసారీ సొంత కార్యాలయం వెనక తవ్వుకోవడం శాఖ హోదాకు తగదని పై అధికారులు భావించారు. ఖాళీగా ఉన్న పద్నాలుగో నంబరు మడిని కలుపు నారుమడిగా మార్చాలని నిర్ణయించారు. నీళ్ళు పోయడానికి ఇద్దరు సిబ్బందిని కేటాయించారు.

శుక్రవారం ఉదయం నేను వెళ్ళేసరికి తుంగగడ్డలు వరసలుగా నాటుతున్నారు. నర్సమ్మ గేటు బయట నిలబడి ఉంది. లోపలికి అద్దెదారులను తప్ప రానివ్వరు.

మధ్యాహ్నం నిమ్మచెట్టు కొట్టేశారు. నీడ పడితే కలుపు ఏపుగా రాదని డిప్యూటీ డైరెక్టర్ చెప్పారు.