గోల్‌మురి హాలుకు పట్టిన మహర్దశ

2017 జులై ఇరవై మూడు. ఆ రోజు నేను తిన్నవి గారెలు, గుమ్మడికాయ పులుసు, అరటికాయ వేపుడు. మా ఆవిడ రుక్మిణి పెద్దకర్మ భోజనం అది. గోల్‌మురిలో ఎప్పుడో మూతబడిన కోఆపరేటివ్ స్టోరు హాల్లో పెట్టాం. బయట వాన, లోపల కూడా వానే. వడ్డించేవాళ్లే ఒక చేత్తో పులుసు, ఇంకో చేత్తో కారే చోట పెట్టడానికి బకెట్లు పట్టుకుని తిరిగారు. ఒకాయన నెత్తిన చుక్క పడితే విస్తరితో సహా పక్కకు జరిగాడు, తినడం మాత్రం ఆపలేదు. మేం తాళం అడగలేదు. అనుమతి అడగలేదు. అడుగుదామన్నా అక్కడ మనిషి లేడు!

ఎంత అనాగరికం!

అందుకే ఈ రోజు కుండబద్దలు కొట్టినట్టు చెబుతున్నాను. ప్రజల కోసం కట్టిన భవనానికి ప్రజలే మొదటి శత్రువులు. నమ్మరా? మనుషులు చేసే ఘోరాలు చూడండి. గోడకు చేరబడతారు. నేల మీద నడుస్తారు. తలుపు తీస్తారు, చాలక మళ్లీ వేస్తారు! ఇక భవనం ఎన్నాళ్లుంటుంది?

ఈ సత్యాన్ని జంషెడ్‌పూర్‌లో కనిపెట్టిన మహానుభావులు మా పాత భవనాల పునరుద్ధరణ ట్రస్టువారు. పైసా జీతం పుచ్చుకోని పెద్దమనుషులు. అధ్యక్షులు భుజంగరావు గారు ఉద్యోగమంతా స్టీలు ప్లాంటులో సేఫ్టీ చూసి రిటైరయ్యారు. ఇంట్లో కూర్చోలేక సమాజసేవకు దిగారు. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఊరికి మాత్రం ఊపిరాడటం లేదు.

వారి చెయ్యి పడకముందు ఆ హాలు గతి ఏమిటి? పొద్దున్న వరండాలో ఆడవాళ్లు వడియాలు పెట్టేవారు. సాయంత్రం రిటైరైన మామయ్యలు పేక పంచేవారు. ఒక మూల పిల్లలకు తెలుగు అక్షరాలు చెప్పేవారు, పిల్లలు హిందీలో జవాబిచ్చేవారు. నైట్ షిఫ్టు దిగి, ఇంట్లో పడుకోను జాగా లేనివాడు వచ్చి తువ్వాలు పరుచుకునేవాడు. ఎవరింట్లో మనిషి పోయినా పదకొండో రోజు భోజనాలు అక్కడే. ఇలాంటి భవనాన్ని ట్రస్టువారు తమ ప్రకటనలో ఏమని వర్ణించారో తెలుసా? "నిరుపయోగంగా పడి ఉన్న కట్టడం"!

రెండేళ్లు చెమటోడ్చారు. నిజం ఒప్పుకోవాలి, ఇప్పుడు కప్పు కారదు. కింద తడిసేవాడూ లేడు.

నేల అద్దంలా ఉంది. అడుగు పెడితే మరక పడుతుందని అడుగు పెట్టనివ్వరు. "అందరికీ స్వాగతం" అని ఇత్తడి అక్షరాలతో పెద్ద బోర్డు, గేటు బయట. అందరూ ఉండేది అక్కడే కదా! ఎవరైనా లోపలికి వెళ్లాల్సి వస్తే ముందు సేఫ్టీ ఫిల్మ్ చూడాలి. కుర్చీలో కూర్చోవడం ఎలా, అందులోంచి లేవడం ఎలా. ఫస్ట్ ఎయిడ్ బాక్సుకు తాళం, ఎవరైనా వాడేస్తారని. ఖాళీ హాలును నాలుగు పక్కలనుంచీ సీసీ కెమెరాలు చూస్తుంటాయి. వాటిని ట్రస్టువారు భోంచేస్తూ ఫోన్లో చూసుకుంటారు. మొన్నొక పిల్లి కనబడితే ఎమర్జెన్సీ మీటింగ్ పెట్టారు. ఆ హాలును తనివితీరా వాడుకున్న ప్రాణి ఇప్పటికి అదొక్కటే!

ఉత్తమ ప్రజా వినియోగానికి అవార్డు కూడా వచ్చింది. చూడవచ్చినవారు గోడమీద ఒక్క వేలిముద్ర లేదని ముగ్ధులైపోయారట.

కిట్టనివాళ్లు రూల్స్ కఠినమంటారు. కఠినమా? పోలరాజు సంగతి చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

పోలరాజుది బిర్సానగర్. ప్లాంటులో కాంట్రాక్టు పని. ఈ శ్రావణంలో అతని భార్య జోగమ్మ పోయింది. రుక్మిణి పెద్దకర్మనాడు గారెల మూకుడు ముందు కూర్చుని, పొగకు కళ్లు తుడుచుకుంటూ, నా కోసం మెత్తటివి ఏరి పెట్టింది ఆవిడే. ఆ పూట నేను తినగలిగానంటే ఆవిడ చలవే. పోలరాజు నాకు చెప్పుకున్న కోరిక ఒక్కటే. జోగమ్మ చేతి అన్నం తిన్నవాళ్లందరినీ ఒక్కసారి కూర్చోబెట్టి అన్నం పెట్టాలి. ఇల్లు చూస్తే ఒకటిన్నర గది. నాకు భుజంగరావు గారు తెలుసు గనక, అతన్నీ కూతురు శ్వేతనీ వెంటబెట్టుకుని హాలుకు తీసుకెళ్లాను. భుజంగరావు గారు వరండాలోనే నిలబెట్టి మాట్లాడారు.

"బాబూ, మాయాడది పోయింది. దినం భోజనాలకి హాలు ఇప్పించండి. మాయింట్లో నలుగురు కూకుంటే ఐదోవోడు వానలో నిల్చోవాల" అన్నాడు పోలరాజు.

"అప్లికేషన్ నెల ముందు ఇవ్వాలయ్యా."

"నెల ముందా? నెల ముందు అది బజార్లో బీరకాయలు బేరమాడతా నన్ను తిడతంది బాబూ. పోతాదని నాకేటి ఎరిక?"

"అదే మన వాళ్లతో గొడవ. ప్లానింగ్ ఉండదు." భుజంగరావు గారు నా వైపు చూసి నిట్టూర్చారు. "సరే, ఏడుపులుంటాయా?"

"సావు కదా బాబూ. ఉంటాయి."

"ఎంతసేపు? నాయిస్ లిమిట్ ఉంది ఇక్కడ."

పోలరాజు అద్దాల తలుపులోంచి లోపలి గోడకేసి చూస్తున్నాడు. అక్కడ పాతకాలపు కార్మికులు సైకిళ్లతో నిలబడ్డ ఫొటో ఒకటి, నిలువెత్తు చేయించి పెట్టారు.

"ఆ సివర సైకిల్ పట్టుకున్నోడు మా అయ్య బాబూ" అని వేలు చూపించాడు.

"ఔనా! వెరీ గుడ్! మన హెరిటేజ్ అంటే అదేనయ్యా" అని భుజంగరావు గారు ఎంతో సంతోషించారు. "గ్లాస్ డోర్ మీద చెయ్యి పెట్టకు, ముద్ర పడుతుంది."

తండ్రి గోడ మీద, కొడుకు గుమ్మం బయట! వంశంలో ఒకరికైనా లోపల చోటు దొరికిందంటే అది చిన్న దయా?

అంతటితో ఊరుకోలేదు ఆ కరుణామయుడు. "ఏడాది తిరిగాక సంవత్సరీకం వస్తుంది కదా. దానికి ఇప్పుడే రాసుకో. డేట్ ఖాళీగా ఉంది" అన్నారు.

శ్వేత తండ్రి చెయ్యి పట్టి లాగింది. "చలో పాపా. యే లోగ్ నహీ దేంగే." వీళ్లివ్వరని ఆ పిల్లకు తెలిసిపోయింది.

"ఉండమ్మా, బాబుగోరు సెప్పింది బాగుంది. నాది గూడా ఇప్పుడే రాయించేసుకుంటే ఓ పనైపోద్ది" అన్నాడు పోలరాజు.

భుజంగరావు గారు జేబులోంచి పెన్ను తీశారు. "డేట్ చెప్పు."

చూశారా దూరదృష్టి! మనం ఎవరమైనా పోయేముందు ఒక నెల నోటీసు ఇచ్చి పోతే ఈ ఊళ్లో ఇబ్బందేముంది? జోగమ్మ చదువుకోలేదు, ఇవ్వలేదు. కనీసం మనం నేర్చుకుందాం!

మరి భోజనాలు జరిగాయా అంటారేమో. జరిగాయి. ఎక్కడో మాత్రం చెప్పను. కద్మా పక్క కావచ్చు, బిర్సానగర్ పక్క కావచ్చు. ఒకప్పుడు అక్కడ మందులిచ్చేవారు, అంతకుమించి అడక్కండి. ఇప్పుడు కిటికీలకు రెక్కల్లేవు. గోడలో రావి మొక్క మొలిచింది. సూర్యం అనే ఆటోవాడు వానకు తలదాచుకుందామని లోపలికొచ్చాడు. జోగమ్మ ఎవరో అతనికి తెలియదు. శ్వేత అతనికీ విస్తరి వేసింది. రెండోసారి పులుసు పోయబోతే "బస్ దీదీ" అని చాలంటూనే చెయ్యి అడ్డం తీసేశాడు. పోలరాజు బంతుల మధ్య తిరుగుతూ "ఇంకొంచెం ఏసుకోండి, ఏటి అలా తింతన్నారు" అని అందర్నీ కసిరాడు. ఏడ్చేవాళ్లు ఏడ్చారు. ఎంతసేపో ఎవరూ చూడలేదు.

మర్నాడే భుజంగరావు గారు ఫోన్ చేశారు. "పాత బిల్డింగేదో దొరికిందటగా? ఎక్కడండీ? మా ట్రస్టు ఖాళీగానే ఉంది."

"బిల్డింగా? అబ్బే, వానలో నిలబడి తిన్నామండీ" అన్నాను.

"అయ్యో పాపం" అన్నారాయన. మంచి మనిషి.

పాఠకులారా, నావి మీకు రెండు విన్నపాలు. ఆ చోటు తెలిసినవాళ్లుంటే నోరు విప్పకండి. ట్రస్టువారెవరైనా అటు వస్తుంటే ఎదురెళ్లి మాటల్లో పెట్టి వెనక్కి తిప్పండి. ఆ కప్పు ఇంకొన్నాళ్లు కారనివ్వండి. దాని మీద ఎవరికీ జాలి కలగకుండా చూడమని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

భోజనాలైన ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక పోలరాజు నేలంతా ఊడ్చాడు. విస్తళ్లు మూటగట్టి శ్వేతకిచ్చాడు. ఒక్క క్షణం లోపలికి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు లాగాడు. దానికి గడియ లేదు. కుక్కలు దూరకుండా ఓ ఇటుక ఆనించి, చేతులు దులుపుకున్నాడు.