చప్పుడు చేసిన యంత్రంపై త్రిసభ్య విచారణ

ఆఫీసు యంత్రాలు రెండే రకాలు: పనిచేసేవి, పనిచేయనివి. మూడో రకం ఒకటుందని ఇంతవరకు ఏ ఉత్తర్వులోనూ లేదు కాబట్టి అది లేదు. పోబోతున్న యంత్రం అనేది వట్టి వదంతి. (వదంతులు వ్యాపింపజేయడం ఉద్యోగుల ప్రవర్తనా నియమావళికి విరుద్ధం.)

ఈ సంగతి తెలియకనే, పాపం, మార్కాపురం పలక కార్మికుల సహాయ ఉపకార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్ దయామణి ఒక సోమవారం పొద్దున చెవులు రిక్కించింది. టిక్కు. టిక్కు. కర్ర్. మొదట గోడమీద బల్లి అనుకుంది. బల్లి లేదు. ఫ్యాను అనుకుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగినా, బ్యాటరీ మీద నడుస్తున్న కంప్యూటర్ డబ్బా మాత్రం టిక్కుమంటూనే ఉంది.

మరే డబ్బా అయినా పోతే పోయింది అనుకునేది. ఈ డబ్బాలో ఆరు వందల పన్నెండు మంది ముసలి పలక కార్మికులు ఉన్నారు. వాళ్ళ లిస్టు పై ఆఫీసుకు పోతే కార్డులొస్తాయి. కార్డు చూపిస్తే ఆస్పత్రిలో దగ్గు మందులు ఊరికే ఇస్తారు. రాతి పొడి పీల్చినవాళ్ళకు దగ్గు తప్ప వేరే ఆస్తి ఉండదు.

ఆ లిస్టు తయారవడానికి ఐదు నెలలు పట్టింది. ముప్ఫై ఏళ్ళు రాయి అరగదీసిన వేళ్ళు కదా, రాయితోపాటు గీతలూ అరిగిపోయాయి. వేలిముద్ర పెట్టిస్తే మిషను "వేలు కనబడలేదు" అనేది. (వేలు అక్కడే ఉండేది.) దయామణి ఒక్కొక్కరి వేలికి కొబ్బరినూనె రాసి, తడిగుడ్డతో తుడిచి, బతిమాలి, ఐదు వందల తొంభై ఎనిమిది వేళ్ళను ఒప్పించింది. మిగిలిన పద్నాలుగూ ఒప్పుకుంటే తప్ప లిస్టు కదలదు. అసంపూర్ణ లిస్టు పైకి పంపరాదని నిబంధన. అందాకా ఆ వేళ్ళన్నీ ఈ ఒక్క డబ్బాలోనే ఉండాలి.

అదే సోమవారం ఎబినేజర్ వచ్చాడు. కార్డు వచ్చిందేమో అని వారం వారం వచ్చి అడిగి పోవడం ఆయనకు అలవాటు. లిస్టు కోసం ఆయన వేలిముద్ర పదకొండోసారికి పడింది. ఆ రోజు కౌంటర్ దగ్గర నోరు తెరవబోయి ఆగిపోయాడు.

"తల్లీ, ఆ పెట్టెను ఒకసారి ఇట్ల తిప్పు."

పలకల ఫ్యాక్టరీలో ఎబినేజర్ పని వినడం. పలకను అరచేతి మీద నిలబెట్టి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఖంగుమంటే పెట్టెలోకి, బొత్తుమంటే పారేసే గుట్ట మీదికి. కంటికి ఆనని చీలిక ఆయన చెవికి దొరికిపోయేది. బాగానే ఉందే అని గుట్ట మీది పలకను ఎవరైనా పిల్లలకు పట్టుకుపోతే, వాళ్ళు గుణింతాల దాకా రాకముందే అది రెండయ్యేది.

ఆయన వంగి, డబ్బాకు చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

"లోపల చీలింది తల్లీ. గురువారం దాకా ఉంటే గొప్ప. ఊరికే నడపొద్దు దాన్ని. ఉండేదేందో ముందు బయటికి తీసుకో."

"ఇది పలక కాదు గదా పెదనాయనా?"

"కాదులే. చప్పుడు మాత్రం అదే చప్పుడు."

దయామణికి పై ప్రాణాలు పైనే పోయాయి. నేరుగా సూపరింటెండెంట్ మురళీధర్ బల్ల దగ్గరికి పోయింది. మురళీధర్ మంచివాడు. నిబంధన దాటి ఎవరికీ చెడు చేయడు, మంచి అంతకన్నా చేయడు.

"సార్, హార్డ్ డిస్క్ పోయేట్లుంది. లిస్టు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటా."

"పెన్‌డ్రైవా!" మురళీధర్ చుట్టూ చూశాడు. "ఆ కంతలకు లక్క సీలు వేసినాము గదమ్మా, మర్చిపోయినావా? అది పగలగొడితే పంచనామా రాయాల."

"మరి ఏం చేయాల సార్?"

"యాప్‌లో పెట్టు. దేనికైనా యాప్ ఉంది."

నిజంగానే ఉంది. పేరు యంత్రక్షేమం. అందులో ప్రశ్న ఒక్కటే: యంత్రము పనిచేయుచున్నదా? దయామణి 'అవును' నొక్కితే "అభినందనలు" అంది. 'లేదు' నొక్కితే, ఈ ఫిర్యాదు ఏ యంత్రము నుండి పంపుచున్నారు అని అడిగింది. ఇదే యంత్రం నుంచి అని నిజం చెప్పింది. అయితే పనిచేయుచున్నది, అభినందనలు, అంది.

చివరికి కాగితం మీద అర్జీ రాసింది. అర్జీలో 'చప్పుడు' అనే మాట చూసి పై ఆఫీసు ఉలిక్కిపడింది. చప్పుడుకు శాఖ లేదు. శాఖ లేనిదానికి సంఘం వేస్తారు. అట్ల గిద్దలూరు నుంచి చంద్రశేఖరరావు అధ్యక్షతన శబ్ద నిర్ధారణ త్రిసభ్య సంఘం బుధవారానికల్లా జీపులో దిగింది. ఈలోగా దయామణి భోజనం మానుకుని పేర్లన్నీ లాంగ్ నోట్‌బుక్కులోకి ఎక్కించుకుంటోంది. పేర్లు పెన్నుకు లొంగాయి, వేళ్ళు లొంగలేదు.

సంఘం వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చుంది. పెద్దమనుషులను చూసి భయపడిందో ఏమో, డబ్బా కిక్కురుమనలేదు.

"చప్పుడేదమ్మా?" అన్నాడు చంద్రశేఖరరావు.

"లిస్టు తెరిస్తే వస్తుంది సార్. కానీ తెరవొద్దు సార్, పోతుంది."

"రోగి దగ్గకపోతే డాక్టరు ఏం రాస్తాడు? తెరువు."

తెరిచింది. టిక్కుమంది. మూయించాడు. మళ్ళీ తెరిపించాడు. చప్పుడును ముగ్గురూ విడివిడిగా, ఒక్కొక్కరు ఇరవైసార్లు విని సంతకం చేయాలని నమూనా పత్రంలో ఉంది. పత్రం నిండేసరికి అధ్యక్షుడు 'టిక్కు' అనీ, రెండో సభ్యుడు 'టక్కు' అనీ రాశారు. మూడో సభ్యుడికి ఎడమ చెవి పనిచేయదు, డబ్బా ఎడమ వైపు ఉంది. ఏకాభిప్రాయం కుదరక విచారణ గురువారానికి పొడిగించారు.

గురువారం ఎబినేజర్ వరండాలోంచి చూసి ఉండబట్టలేక లోపలికి వచ్చాడు.

"సారూ, చీలిన పలకను ఎన్నిసార్లు మోగిచ్చినా అదే చెప్తాది. మీరు మోగిచ్చే దెబ్బలకే పగుల్తాది. ఆపండి నాయనా."

"మీ అర్హత ఏమిటి?"

"ముప్ఫైయేండ్లు విన్నా."

"విన్నట్టు సర్టిఫికెట్ ఉందా?"

అట్లాంటి సర్టిఫికెట్ ఉంటుందని ఎబినేజర్‌కు ఎవరూ చెప్పలేదు. ఆయనను మర్యాదగా బెంచీ మీద కూర్చోబెట్టి, మర్యాదగా టీ ఇచ్చి, లిస్టును మళ్ళీ తెరిపించారు.

పన్నెండుకు పది నిమిషాలుందనగా డబ్బా 'కర్ర్‌ర్‌ర్' అని పొడుగ్గా అరిచి ఊరుకుంది. తెర నల్లబడింది.

"ఇప్పుడు స్పష్టంగా వినిపించింది," అన్నాడు చంద్రశేఖరరావు. మూడో సభ్యుడికి కూడా వినిపించిందట. సంఘానికి ఏకాభిప్రాయం కుదిరింది. దయామణి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఐదు వందల తొంభై ఎనిమిది వేళ్ళు, ఒక్కొక్కటీ ఆమె చేత్తో పట్టుకున్నదే.

ఆ తర్వాత పనులు ఎంత చురుగ్గా సాగాయంటే వ్యవస్థను మెచ్చుకోక తప్పదు. యంత్రం పోతే ఫోను నుంచి ఫిర్యాదు పంపొచ్చని నిబంధన ఉంది కాబట్టి మురళీధర్ పంపాడు. శనివారానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. చప్పుడు అర్జీకి కూడా జవాబొచ్చింది: చప్పుడు ఆగినందున సమస్య పరిష్కరించబడినది.

"పాత డిస్కును బాగుచేసేవాళ్ళు ఉంటారంట సార్, పంపిస్తే లిస్టు తిరిగొస్తుందేమో," అంది దయామణి.

"అందులో కార్మికుల రహస్య వివరాలున్నాయమ్మా. బయటి చేతుల్లో పడకూడదు," అన్నాడు మురళీధర్. పడకుండా ముగ్గురు సాక్షుల ఎదుట సుత్తితో పగలగొట్టించాడు. వివరాలు భద్రంగా ఉన్నాయి.

వేలిముద్రలు మళ్ళీ మొదటి నుంచి పెట్టాలి కాబట్టి సోమవారం వరండా నిండింది. త్రిపురాంతకం బస్సు దిగి కొండయ్య వచ్చాడు, కోటమ్మ దగ్గుకుంటూ వచ్చింది. ఎవరూ దయామణిని పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. ముందే చెప్పినవాడు ఎబినేజర్ కాబట్టి ఆయన పేరే ముందు పడాలని అందరూ కలిసి ఆయనను ముందుకు తోశారు.

ఆమె నూనె రాసి, తుడిచి, ఆయన వేలిని మిషను అద్దం మీద పెట్టింది. మొదటిసారికే పడింది! వరండా అంతా చప్పట్లు కొట్టింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి: నూతన యంత్రములో మొదటి నమోదు పరీక్షార్థము. తొలగించబడినది.

దయామణి వేలు మళ్ళీ పెట్టించింది. ఈ వ్యక్తి ఇదివరకే నమోదైనాడు, అదే వేలును రెండవసారి నమోదు చేయుట నేరము, అంది తెర.

"ఏమంటంది తల్లీ?" అన్నాడు ఎబినేజర్.

"నువ్వున్నావంట పెదనాయనా. లిస్టులో మాత్రం లేవంట."

ఆయన కాసేపు తెరను, కాసేపు తన వేలిని చూసుకుని పక్కకు జరిగి కొండయ్యకు దారిచ్చాడు. కొత్త యంత్రం నిబంధనల ప్రకారం పనిచేస్తోందని మురళీధర్ ఆ మధ్యాహ్నమే పైకి రాశాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.