రెండో రివాల్వరు

శనివారం పొద్దున మిలుటిన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. రియేకా సంతకు వెళ్లాలి. మేకను అమ్మగా వచ్చిన ఇరవై పెర్పెర్లతో ఓ పాత రివాల్వరు కొనాలి. పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి. ఈ సంగతి మూడో కంటికి తెలియకూడదు.

మధ్యాహ్నానికల్లా ఊళ్లో పదకొండు ఇళ్లు తలుపులు బిగించుకున్నాయి.

మర్నాడు అన్న కొడుకు లాజార్ పెళ్లి. పెళ్లిపెద్ద మిలుటినే. పెళ్లికొడుకు గడప దాటగానే పెళ్లిపెద్ద ఆకాశంలోకి మొదటి గుండు పేల్చాలి, ఆ తర్వాతే ఊరేగింపు కదులుతుంది. ఊరి దృష్టిలో ఇందులో చిక్కేమీ లేదు. మోంటెనెగ్రో కొండల్లో ప్రతి మగవాడి నడికట్టులో ఉన్నట్టే మిలుటిన్ నడికట్టులోనూ తెల్లటి ఎముక పిడి మెరుస్తూ ఉంటుంది. ఆ పిడి కింద ఉన్నది మాత్రం జానెడు అక్రోటు చెక్క. ఆరేళ్ల కిందట భార్య యోకాకు విషజ్వరం వస్తే, కోటోర్ నుంచి వైద్యుణ్ణి రప్పించడానికి అసలు రివాల్వరును గుట్టుగా అమ్మేశాడు. పిడి రేకులు మాత్రం విప్పి దాచుకున్నాడు. ఈ సంగతి యోకాకు కూడా తెలియదు. ఆయుధం అమ్ముకున్న మగవాడికి ఊరంతా కొలువుదీరే కళ్లం మీద, తండ్రి కూర్చున్న రాయి మీద కూర్చునే హక్కు ఉండదు. చచ్చేదాకా ఆడవాళ్ల వెనక నిలబడాల్సిందే.

దూరం పోవడమెందుకని ముందుగా స్టానా ఇంటికి వెళ్లాడు. ఆమె భర్త పోయి పదేళ్లయింది. అతని రివాల్వరు ఇంకా పొయ్యి పైన మేకుకు వేలాడుతూనే ఉంది.

"పిన్నీ, చిన్నాన్న రివాల్వరు అలా తుప్పు పట్టిపోతోంది. నాకమ్మెయ్యకూడదూ?"

స్టానా కోళ్లకు గింజలు చల్లుతూనే అంది. "తుప్పా? వారానికోసారి నూనె రాస్తున్నానురా. బతికుండగా మీ చిన్నాన్నకి కూడా అంత సేవ చెయ్యలేదు. అయినా నీ నడుంలో ఒకటుందిగా, రెండోదెందుకు?"

మిలుటిన్ దారంతా బేరం ఎలా ఆడాలో ఆలోచించుకున్నాడు గానీ, ఈ ప్రశ్న వస్తుందనుకోలేదు.

"ఒకటి సరిపోదేమోనని..."

స్టానా చేతిలో గింజలన్నీ ఒక్కసారిగా కింద పడ్డాయి. కోళ్లకు పండగయింది. "ఎంతమందిరా?" అంది గొంతు తగ్గించి.

"అయ్యో పిన్నీ, మనుషుల మీదకి కాదు! గాల్లోకి."

"మీ చిన్నాన్న కూడా గాల్లోకేనన్నాడు. ఆర్నెల్లు గుహలో దాక్కున్నాడు. నేనివ్వను నాయనా. నా ఇనుముతో ఒకడు చస్తే ఆ ఉసురు నా కోళ్లకి తగుల్తుంది."

మిలుటిన్ సంతదారి పట్టాడు. అతను మలుపు తిరగకముందే స్టానా ఖాళీ కడవ తీసుకుని ఊటబావి దారి పట్టింది. ఇంట్లో నీళ్లు నిండుగానే ఉన్నాయి.

రియేకాలో తుపాకులు బాగుచేసే తోమో కొట్లో పాత రివాల్వర్లు మూడున్నాయి. ఒకదాని గొట్టం వంకర. రెండోదాని తూటాల చక్రాన్ని నులక తాడుతో కట్టారు. మూడోది పాతదే అయినా మీట లాగితే టక్కుమంది. మిలుటిన్‌కు ఆ చప్పుడు చర్చి గంటలా వినిపించింది.

"ముప్పై పెర్పెర్లు," అన్నాడు తోమో.

"ఇరవై ఉన్నాయి."

"పోనీ, నీ నడుంలోది మార్పిడికివ్వు. పన్నెండు కడతాను. నువ్వు పద్దెనిమిదిస్తే చాలు. ఏదీ, ఇలా తే," అంటూ తోమో బల్ల మీదుగా చెయ్యి చాచాడు. వేళ్లు ఎముక పిడికి రెండంగుళాల దూరంలోకి వచ్చేశాయి.

మిలుటిన్ పాము మీద కాలేసినవాడిలా వెనక్కి గెంతి, రెండు చేతులతోనూ పిడిని గట్టిగా పట్టుకున్నాడు. "దీన్ని మాత్రం ముట్టుకోకు! ప్రాణం పోయినా ఇవ్వను!"

కొట్లో ఉన్న ఇద్దరు బేరగాళ్లు గోడకు అతుక్కుపోయారు. ఆ కొండల్లో మనిషి పిడి పట్టుకుంటే పక్కవాళ్లు ఎందుకని అడగరు. ముందు దారిస్తారు.

తోమో మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంటే రెండూ కావాలన్నమాట. ఎప్పటికి?"

"రేపటికే. చర్చికి బయల్దేరేలోపు అయిపోవాలి."

"ఎక్కణ్ణుంచి కాలుస్తావ్?"

"ఇంటి గడప దగ్గర్నుంచి. అందరూ చూస్తుండగా."

తోమో గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "ఆదివారం పూటా! చూడన్నా, నీ మనసులో ఏముందో నేనడగను. కానీ సోమవారం దాకా నీకు మేకు కూడా అమ్మను."

గోడకు అతుక్కున్న ఇద్దరిలో ఒకడు ఈలోగా జారుకున్నాడు. అతను మిలుటిన్ పొరుగింటి బ్లాజోకు స్వయానా బావమరిది. బయట కంచరగాడిద డెక్కల చప్పుడు కొండవైపు దూసుకుపోయింది.

ఉత్త చేతులతో తిరిగొస్తున్న మిలుటిన్‌కు దారి వింతగా అనిపించింది. ఎదురొచ్చినవాళ్లు టోపీలు తీసి పక్కకు తప్పుకుంటున్నారు. గొర్రెల కాపరి ఒకడు పరుగున వచ్చి జున్నుముద్ద చేతిలో పెట్టాడు.

"ఉంచన్నా. పై గుహలో నీళ్లున్నాయి. మా కుక్క మొరగదు, చెప్పి ఉంచాను."

"నాకు గుహెందుకురా?"

"నేనేం అడగలేదు, నువ్వేం చెప్పలేదు," అని వాడు గొర్రెల్లో కలిసిపోయాడు.

ఇంటి గుమ్మంలో యోకా సంచి పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి గానీ చేతులు పని ఆపలేదు. సంచి మూతి బిగించి ముడి వేస్తోంది. "నాలుగు రొట్టెలు, ఎండుమాంసం, ఊలు మేజోళ్లు రెండు జతలు పెట్టాను. గుహలో చలి."

"ఏమిటే ఈ గుహ గోల?"

"నా దగ్గర కూడా నటనేనా! బ్లాజోని చంపడానికి రెండో రివాల్వరు కొంటున్నావని ఊరంతా తెలిసింది. నాకు మాత్రం ఊటబావి దగ్గర తెలియాలా?"

"బ్లాజోనా? వాణ్ణి నేనెందుకు చంపుతాను?"

"మూడేళ్ల కిందట మన ఇంటి పండగ విందులో నీ సారా నీళ్లలా ఉందన్నాడుగా. ఎందుకై ఉంటుందని ఊరంతా వెతికితే అదొక్కటే దొరికింది."

మిలుటిన్ నుదురు కొట్టుకున్నాడు. ఆ మాటే మర్చిపోయాడు. "వాడన్నది నిజమేనే! ఆ ఏడు నీళ్లు కలిపింది నేనే!"

"నిజం చెప్పినవాణ్ణి చంపుతావా! ఇంకా ఘోరం కదయ్యా!"

కిటికీలోంచి చూస్తే బ్లాజో ఇంటి కిటికీలన్నిటికీ రాళ్లు పేర్చి ఉన్నాయి. అతని తమ్ముళ్లిద్దరూ గొడ్డళ్లతో మిలుటిన్ పశువుల పాక వెనక నక్కుతున్నారు. పగలో ముందు కొట్టినవాడే బతుకుతాడని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. పగ లేదంటే మరి రివాల్వరు ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే చెక్క బయటపడుతుంది. నోరు తెరిస్తే పరువు పోతుంది, మూస్తే ప్రాణం పోతుంది.

తలుపు దబదబా మోగింది. బయట ఊరిపెద్ద వుకోటా, ఆయన వెనక మితార్ పాదిరి. "మిలుటిన్, కళ్లం దగ్గరికి రా. బ్లాజో సంధికి ఒప్పుకున్నాడు. నువ్వు కాదంటే ఈ పూటే రక్తం పారుతుంది. నీదో, వాడిదో."

రాతికళ్లం చుట్టూ నలభై ఇళ్ల మగవాళ్లూ నిలబడ్డారు. నలభై ఎముక పిడులు సాయంత్రపు ఎండలో మెరుస్తున్నాయి. ఎలుగుబంటి లాంటి బ్లాజో అవతలి అంచు నుంచి కంకర మీద మోకాళ్లతో పాకుతూ వస్తున్నాడు. ఆచారం ప్రకారం అతని రివాల్వరు తోలుపట్టీతో మెడలో వేలాడుతోంది.

"నీ సారా నిప్పు, మిలుటిన్!" అని భోరుమన్నాడు బ్లాజో. "నిప్పన్నా నిప్పు! నీళ్లన్నది నా నాలుక, నేను కాదు!"

ఇక మిలుటిన్ అతన్ని లేవనెత్తి ముద్దు పెట్టుకోవాలి. మెడలోని రివాల్వరు తీసుకుని ఆకాశంలోకి పేల్చాలి. పగ ఆ గుండుతో పోతుంది. రివాల్వరు మాత్రం క్షమించినవాడి దగ్గరే ఉండిపోతుంది.

ఉండిపోతుంది! మిలుటిన్ బుర్రలో దీపం వెలిగింది. పైసా ఖర్చు లేకుండా నిజమైన రివాల్వరు. రేపటి పెళ్లి గట్టెక్కినట్టే. ఆత్రంగా వంగి బ్లాజోను లేవనెత్తాడు, రెండు బుగ్గలమీదా ముద్దు పెట్టుకున్నాడు, మెడలోంచి రివాల్వరు తీసుకున్నాడు.

అది గరిటెలా తేలిగ్గా ఉంది.

మిలుటిన్ వేళ్లు ఎముక పిడి మీద నుంచి కిందికి జారాయి. మసి పూసిన చెక్క తగిలింది. తల ఎత్తేసరికి బ్లాజో కళ్లు ప్రాధేయపడుతున్నాయి.

"ఎద్దు చచ్చిన ఏడాది అమ్మేశాను," అన్నాడు బ్లాజో పెదవి కదలకుండా. "నీ కాళ్లు పట్టుకుంటాను, చెప్పకు."

"ఏ చెక్క?"

"రేగు."

"నాది అక్రోటు," అన్నాడు మిలుటిన్.

బ్లాజో ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"కాల్చు మిలుటిన్!" అని వుకోటా కేక వేశాడు. "పొద్దుగూకుతోంది! కాల్చకపోతే సంధి కుదరనట్టే!" కళ్లం అంచున బ్లాజో తమ్ముళ్ల చేతుల్లో గొడ్డళ్లు కదిలాయి.

మిలుటిన్ ఆ చెక్కను పైకెత్తాడు. దించితే సిగ్గు, దించకపోతే సూర్యుడు ఆగడు. అప్పుడు అతని నోట ఒక మాట వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికే తెలియదు.

"కాల్చను!" అన్నాడు. "గుండుతో మొదలయ్యేదాన్ని గుండుతో ముగించను. శిలువ మీద ఒట్టు. ఈ క్షణం నుంచి ఏడాదిపాటు మన ఊరి మగవాడెవడూ రివాల్వరు పేల్చకూడదు. పెళ్లిలోనూ వద్దు, పండగలోనూ వద్దు. కాదన్నవాడు నాతో పగ పెట్టుకున్నట్టే!"

పెళ్లిలో తుపాకీ పేలకపోవడం ఆ ఊరు పుట్టాక ఎరగదు. మిలుటిన్ కళ్లు మూసుకున్నాడు. ఇప్పుడు వుకోటా రుసరుసలాడతాడు, కుర్రాళ్లు గోల చేస్తారు, ఎవడో ఒకడు తన రివాల్వరు తీసి కాల్చేస్తాడు.

"ఆమెన్!" అన్నాడు పాదిరి, ఊపిరి కూడా తీసుకోకుండా.

"అంతే! అంతే!" అన్నాడు వుకోటా. "ఏడాదేం సరిపోతుంది? రెండేళ్లు!"

"మూడు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నలభై మంది మగవాళ్లూ ఒకరికంటే ఒకరు ముందు ఒట్టు వేయడానికి తోసుకున్నారు. లాజార్ అయితే పినతండ్రిని కౌగిలించుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తోపులాటలో మిలుటిన్ భుజానికి వుకోటా నడికట్టు తగిలింది. ఇనుము తగిలినట్టు అనిపించలేదు.

ఆదివారం ఊరేగింపు నిశ్శబ్దంగా కదిలింది. పెళ్లికూతురి ఊరి పొలిమేరలో వాళ్ల పెద్ద ఎదురొచ్చి, ఎవరూ అడగకుండానే చెప్పాడు. "మీ ఒట్టు గురించి విన్నాం. మీ మీద గౌరవంతో మేమూ కాల్చం." ఆ మాట అంటున్నంతసేపూ ఆయన తన పిడిని అరచేత్తో కప్పుకునే ఉన్నాడు.

పెళ్లికూతుర్ని తీసుకుని తిరిగొచ్చి అంతా విందుకు కూర్చున్నారు. పాదిరి ఆశీర్వదించడానికి చెయ్యి ఎత్తాడో లేదో, దొడ్డి వైపు నుంచి కొండలు దద్దరిల్లేలా ఢామ్మంది. రెండు ఊళ్ల మగవాళ్లూ బల్లల కింద దూరారు. కొంతసేపటికి స్టానా పొగ కక్కుతున్న రివాల్వరు ఒక చేతిలో, కోళ్ల కోసం వచ్చి చచ్చిన నక్క తోక ఇంకో చేతిలో పట్టుకుని వచ్చి, బల్లల కిందికి వంగి చూసింది.

"ఒట్టేసింది మగాళ్లు కదా నాయనా," అంది. "లేవండి, సూప్ చల్లారిపోతోంది."